పిచ్ తగ్గించిన ప్రొపెల్లర్: బందరువానిపేట ఒడ్డున వాడి చూశాక

శ్రీకాకుళం జిల్లాలోని మా బందరువానిపేటలా రేవు లేని ఊరి పడవకు ప్రొపెల్లర్‌ను నడిసంద్రంలో వచ్చే వేగం చూసి ఎంచుకోకూడదు. ఒడ్డుకు ముందు అల విరిగే ఆ కాస్త దూరంలో అది ఏం చేస్తుందో చూసి ఎంచుకోవాలి. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే, నీటిలో ఏమాత్రం జారకపోతే, ముందుకు పోవాల్సిన దూరం. ఇంజిన్‌తో వచ్చిన 10 అంగుళాల పిచ్ ప్రొపెల్లర్ తీసేసి 8 అంగుళాలది బిగించిన నాటి నుంచి నేను అందరికీ చెబుతున్న మాట ఇదే. అప్పటి నుంచి వేట నిషేధాలు వచ్చాయి, పోయాయి. ఇంజిన్ విప్పి గ్రీజు పెట్టిన ప్రతిసారీ మళ్లీ ఆ 8 అంగుళాలదే బిగించాను.

మాది 28 అడుగుల ఫైబర్ పడవ, 9.9 హార్స్‌పవర్ ఇంజిన్. వేటకు నలుగురం వెళతాం. పాత ప్రొపెల్లర్‌కూ కొత్తదానికీ వ్యాసం ఒకటే, 9¼ అంగుళాలు. రెండూ అల్యూమినియమే, రెండింటికీ మూడేసి రెక్కలే. మారింది పిచ్ ఒక్కటే. ఆ ఒక్కదానికే ఇంత తేడా ఉంటుందని దుకాణంలో ఒక్కరైనా చెప్పకపోవడం మీద నాకు ఇప్పటికీ కోపమే. ఇంజిన్ కొనేటప్పుడు పడవ పొడవు అడిగారు, డబ్బు ఎలా కడతారని అడిగారు. ఎంత బరువు మోస్తుందని మాత్రం అడగలేదు. పెట్టెలో ఏది వస్తే అదే బిగించి పంపించారు. ఆ పిచ్ తేలిక పడవను నీటి మీద పరుగెత్తించడానికి సరిపోతుంది. వలలు, ఐసు పెట్టె, చేప, నలుగురు మనుషులు ఎక్కిన మా పడవ పరుగెత్తేది కాదు, నీటిని తోసుకుంటూ నడిచేది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. స్పార్క్ ప్లగ్ వైరుకు చుట్టుకునే చిన్న మీటర్లు దొరుకుతాయి, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపిస్తాయి. మా ఇంజిన్ పుస్తకం ప్రకారం పూర్తిగా రేజు చేసినప్పుడు 4,500 నుంచి 5,500 మధ్య తిరగాలి. పాత ప్రొపెల్లర్‌తో బరువు మీద ఉన్నప్పుడు 4,100 దగ్గరే ఆగిపోయేది. గేరు నిష్పత్తి 2.08, అంటే ఇంజిన్ 2.08 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది. ఆ లెక్కన 10 అంగుళాల పిచ్ కాగితం మీద గంటకు 30 కిలోమీటర్లు పోవాలి. జీపీఎస్‌లో కనిపించింది 12. సగానికి పైగా జారిపోతోందన్నమాట. వేగం రావడం లేదని ఇంకా రేజు చేస్తే ఇంజిన్ మూలుగుతుంది, కార్బన్ పడుతుంది, వేడెక్కుతుంది తప్ప పడవ కదలదు. అంగుళం పిచ్ తగ్గిస్తే చుట్లు సుమారు 200 పెరుగుతాయి. 8 అంగుళాలది వేశాక బరువుతోనే 4,500 దాటింది. వేగం తగ్గకపోగా ఒక పిసరు పెరిగింది. నేను ఇక్కడితోనే తృప్తి పడేవాడిని. కానీ దాని అసలు విలువ తెలిసింది కిందటి కార్తీకంలో.

ఆ రోజు కవ్వళ్ల చేప బాగా పడింది. తెల్లవారుజామున నిమ్మళంగా ఉన్న సముద్రం మేము తిరిగి వచ్చే వేళకు లేచింది. గాలి పెద్దగా లేదు. ఎక్కడో దూరాన పుట్టిన పొడవాటి అలలు ఒడ్డు దగ్గరకు వచ్చి నిలువెత్తున విరుగుతున్నాయి. పడవలన్నీ అలల వరసకు బయటే ఆగి ఉన్నాయి. పెద్ద అలలు కొన్ని వరుసగా వచ్చి వెళ్లాక కాసేపు నిదానం ఉంటుంది. ఆ సందులో దూరి, ముందు అల వీపు మీద నిలిచి, దానిని దాటిపోకుండా, వెనకపడకుండా ఒడ్డు చేరాలి. ఇది మా వైపు పిల్లవాడికి కూడా తెలిసిన సంగతే. మా ముందు పడవ చక్కగా వెళ్లిపోయింది. మేమూ దూరాం.

సగం దూరంలో మేము ఎక్కిన అల మా కింద నుంచి జారిపోయి ముందే విరిగింది. పడవ తెల్లటి నురగలో నిలబడిపోయింది. అణియం దగ్గర, అంటే పడవ ముందు కొన దగ్గర కూర్చున్న మా బావ వెనక్కి చూసి, "ఇప్పుడే పట్టించు బావా, వెనకది పెద్దది!" అని అరిచాడు. నురగలో సగం గాలే ఉంటుంది. ప్రొపెల్లర్‌కు పట్టు దొరకదు, ఇంజిన్ ఒక్కసారిగా గీపెడుతుంది. అప్పుడు కంగారుపడి ఇంకా రేజు చేస్తే రెక్కల చుట్టూ గాలే తిరుగుతుంది. కాస్త తగ్గించి, నీరు అందగానే మళ్లీ ఇవ్వాలి. పాత ప్రొపెల్లర్‌తో అసలు కష్టం ఈ రెండో అడుగులోనే ఉండేది. నీరు అందిన మరుక్షణం ఇంజిన్ కుంగిపోయేది, చుట్లు పుంజుకునే లోపు వెనక అల పడవ మీదికి వచ్చేసేది. ఆ రోజు రేజు తగ్గించి మళ్లీ ఇచ్చానో లేదో, ఇంజిన్ కుంగకుండా అందుకుంది. చేతి కింద ఆ తోపు తెలిసింది. అంత బరువుతో ఉన్న పడవ నిలబడ్డ చోటి నుంచి కదిలి, వెనక అల విరిగేలోపు దాని ముందు నుంచి తప్పుకుంది. నురగ మాత్రమే మా వెనక కొట్టింది. ఇసుక తగలబోయే ముందు ఇంజిన్ పైకి ఎత్తేశాను. ఒడ్డున ఉన్నవాళ్లు తాడు అందుకున్నారు. ఒక్క బుట్ట చేప పోలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ అరనిమిషం కోసమే అయినా నేను ఈ ప్రొపెల్లర్‌ను మళ్లీ కొంటాను.

పెట్రోలు బాగా మిగులుతుందని కొత్తలో చాలామందికి చెప్పాను. ఇప్పుడు అడిగితే, బరువుతో తిరిగి వచ్చేటప్పుడు మిగులుతుందని చెబుతాను. ఖాళీగా వెళ్లేటప్పుడు ఇంజిన్ 5,500 దాటి 5,600 దాకా ఎగబాకుతుంది, అందుకని చేయి బిగపట్టి నడపాలి. పిచ్ పెద్దది ఉన్న పడవలు అప్పుడు మమ్మల్ని దాటిపోతాయి. నెల మొత్తం మీద పెట్రోలు ఖర్చులో తేడా స్వల్పమే. చేపల పాటకు ముందు చేరినవారికి ధర పలికే రోజుల్లో ఆ వెనకబాటు మనసుకు పడుతుంది, ముఖ్యంగా చేప తక్కువ పడి పడవ తేలికగా ఉన్నప్పుడు.

ఒకసారి వంశధార మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, వరదకు కొట్టుకొచ్చిన దుంగ ఒకటి తగిలి ప్రొపెల్లర్ లోపలి రబ్బరు బుష్ జారింది. గేర్లు విరగకుండా కాపాడేది ఆ బుష్షే, తన పని అది చేసింది. నెమ్మదిగా నడుపుకుంటూ ఇంటికి వచ్చాం. పాత 10 అంగుళాలది అందుకే పారేయలేదు, స్పానరు, స్ప్లిట్ పిన్నులతో పాటు పడవలోనే ఉంటుంది. ఏది బిగించినా ముందు షాఫ్టు మీద వల దారం చుట్టుకుందేమో చూడాలి. దారం సీలును కోసేస్తే గేరు ఆయిల్‌లోకి ఉప్పునీరు దిగుతుంది, ఆయిల్ పాలలా తెల్లబడితే అదే గుర్తు. స్టెయిన్‌లెస్ స్టీలుది వేయమని కొందరు అన్నారు. అది గట్టిది, నిజమే. కానీ ఇసుక, దుంగ తగిలే మా ఒడ్డున రెక్క అంచు చెదిరితే ఆకురాయితో సరిచేసుకోగలిగే అల్యూమినియమే నాకు నయం, ధరలోనూ చాలా తేడా ఉంది.

మా పడవ, మా బరువు, మా ఒడ్డు చూసి చెబుతున్న మాట ఇది. వంజరం కోసం ఇద్దరే తేలిక వలతో దూరం వెళ్లేవారికి 8 అంగుళాలు విసుగు తెప్పిస్తుంది, 9 చూసుకోవడం మంచిది. మొగలో పడవ కట్టుకునే వీలున్నవారికి మా బాధే లేదు. బుడగట్లపాలెంలో తలపెట్టిన ఫిషింగ్ హార్బర్ లాంటివి అందుబాటులోకి వస్తే అక్కడివారి లెక్క కూడా మారవచ్చు. మిగతావారు కొత్తది కొనే ముందు మీటరు తెచ్చుకుని, నిండు బరువుతో ఒకసారి పూర్తిగా రేజు చేసి చూడండి. మీ ఇంజిన్ పుస్తకంలో రాసిన కింది అంకెను కూడా అందుకోలేకపోతే, మొదట ఒక్క అంగుళం తగ్గించి చూడండి.