కొల్లేరు, పాకాల: ఏ నీళ్లు మేలు?

నీటి శుభ్రత వరకూ నా ఓటు పాకాలకే. 1213 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు అది. చుట్టూ అడవి ఉంది కాబట్టి వాన నీటితో ఎరువులు కొట్టుకొచ్చేది తక్కువ.

కొల్లేరు సంగతి వేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది. పొలాల ఎరువులు, పురుగుమందులు, ఊళ్ల మురుగు, చేపల చెరువుల వ్యర్థాలు బుడమేరు, తమ్మిలేరు, డ్రెయిన్ల వెంట అక్కడికే చేరతాయి. నత్రజని, భాస్వరం ఎక్కువైతే గుర్రపుడెక్క అల్లుకుంటుంది. అది కుళ్లితే నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, పాపం చేపలకు ఊపిరాడదు. నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వేసవిలో ఉప్పునీరు ఎక్కేదీ అటునుంచే. 2002లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చేది) వచ్చింది, 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు తెంచారు. మురుగును మాత్రం డ్రెయిన్ల దగ్గరే శుద్ధి చేయాలి, ఆ పని ముందు జరగాలి.