అత్తమ్మ తెచ్చిన డజను అరటిపండ్లు: పాలమూరు నుంచి మన్ననూరు దాకా

శ్రీశైలం దారిలో కోతులకు పెడదామని మా అత్తమ్మ డజను అరటిపండ్లు కొనిపెట్టుకుంది. శనివారం, ఆంజనేయస్వామికి పెట్టినట్టే కదా అని.

మొదట పిల్లలమర్రి. మహబూబ్‌నగర్‌కు నాలుగు కిలోమీటర్లే. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే మర్రి మూడెకరాల దాకా పరుచుకుంది. కొమ్మలెక్కేవాళ్లు, పేర్లు చెక్కేవాళ్లు, అది చాలదన్నట్టు చెదలు. 2017 చివర్లో ఒక కొమ్మ విరిగాక జనాన్ని ఆపేశారు. మరుసటేడు మనుషులకు పెట్టినట్టు సెలైన్ సీసాల్లో చెదల మందు ఎక్కించారు. "చిన్నప్పుడు దీని కిందే సద్ది తినేవాళ్లం" అని అత్తమ్మ నొచ్చుకుంది కానీ, మేం దూరం నుంచే చూశాం. నాకలాగే నచ్చింది.

పక్కనే జింకల పార్కు. కంచె దగ్గర ఒకాయన చిప్స్ ప్యాకెట్ ఊపుతుంటే మా పాపకు పోయినేడు ఒక జూలో చూసిన కోతి గుర్తొచ్చింది. అక్కడ జనం పళ్లికిలించి, కళ్లలోకి గుచ్చి చూస్తూ కేకలు పెట్టారు. కోతి కూడా పళ్లు చూపిస్తే "నవ్వింది, నవ్వింది" అని చప్పట్లు. అది నవ్వు కాదు, భయం. వాటి భాషలో తేరిపార చూడడం అంటే బెదిరించడం. అడవిలో అయితే కొమ్మ మారుతుంది, బోనులో ఎటు పోతుంది? మన జూల్లోని సింహపు తోక కోతుల మీద 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో, జనం ఎదుట ఉన్నప్పుడు వాటి వింత చేష్టలు పెరిగాయని తేలింది. బెల్ఫాస్ట్ జూలో గొరిల్లాలకూ జనానికీ మధ్య ఆకుల రంగు వల కడితే వాటి కోపం తగ్గిందట. ఖర్చు ఒక వల! మన దగ్గర చట్టమూ ఉంది: వన్యప్రాణి సంరక్షణ చట్టం 38జె సెక్షన్ ప్రకారం జూలో జంతువును ఏడిపించినా, ఏదైనా తినిపించినా నేరమే. బోర్డు పక్కనే నిలబడి పల్లీలు విసిరేవాళ్లను నేనే చూశాను.

మధ్యాహ్నం రోడ్డు పక్క ఒక హోటల్లో ఆగాం. పప్పుచారు బాగుంది, పచ్చడి ఇంకా బాగుంది. కానీ కస్టమర్ల సరదా కోసం వాళ్లే కోతులకు మిగిలిన అన్నం వేస్తున్నారు. బలిసిన మగకోతి బుగ్గల సంచులు నింపుకుంటే, పిల్లను పొట్టకు కరుచుకున్న తల్లికి దెబ్బలు దక్కాయి. మా టేబుల్ మీది పెరుగు ప్యాకెట్ కూడా పోయిందనుకోండి. మళ్లీ ఆగను.

రాత్రి నల్లమల అడవి అంచున మన్ననూరులో బస. గది సాదాగా ఉంది, శుభ్రంగా ఉంది, నిశ్శబ్దం మాత్రం ఫస్ట్ క్లాస్. రాత్రిపూట అడవి దారి గేటు మూసేస్తారు, చీకటి పడకముందే చేరండి. పొద్దున ఫరహాబాద్ సఫారీ. డబ్బు దండగ కాలేదు, పులి కనబడకపోయినా. చెట్టు మీద కొండముచ్చులు ఆకులు తెంపుకుంటున్నాయి. జీపు ఆగితే ఒక్కటీ దిగి రాలేదు.

అత్తమ్మ సంచి మీద చెయ్యి వేసింది. గైడు వెనక్కి తిరిగి "వద్దమ్మా" అన్నాడు, అంతే. మొహం ముడుచుకుంది గానీ సంచి విప్పలేదు. వటవర్లపల్లి దాటాక మాత్రం, రోడ్డు మీద పండు కోసం బండ్లకు అడ్డం పరిగెత్తే కోతిపిల్లను చూసి, "పాడు పండ్లు" అని తనే సంచిని సీటు కిందకు తోసేసింది. ఆ పండ్లు నల్లబడి ఇంటికొచ్చాయి. ఆదివారం రాత్రి పాప మిల్క్‌షేక్ చేసింది.