అరకు ఘాట్‌లో మీటరు చెప్పిన అబద్ధాలు

అరకు దారిలో గాలికొండ వ్యూపాయింట్ దగ్గర మా ఎలక్ట్రిక్ కారు ఆపేసరికి బ్యాటరీ 48 శాతం, ఇంకా వెళ్లగల దూరం 96 కిలోమీటర్లు అని చూపిస్తోంది. పొద్దున విశాఖలో బయల్దేరినప్పుడు 300 చూపించింది. మేం వచ్చింది నూరు మాత్రమే. వెనక సీట్లోంచి మామగారు, "పెట్రోలు ముల్లు ఇలా పడిపోతే ట్యాంకు కారుతోందేమోనని దిగి చూసేవాళ్లం, అల్లుడుగారూ" అన్నారు.

మాది 40 యూనిట్ల బ్యాటరీ. ఒక యూనిట్ అంటే ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. కంపెనీవాళ్లు చెప్పే రేంజి, అంటే ఒక్క చార్జింగ్‌కి వెళ్లే దూరం, పరీక్షా కేంద్రంలో రోలర్ల మీద, నెమ్మది వేగాల్లో తేల్చింది. మన రోడ్ల మీద చదునుగా, 70-80లో పోతే కిలోమీటరుకి 130 వాట్-అవర్లు (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్) అవుతుంది, అంటే నిండు చార్జింగ్‌కి సుమారు 300. వేగం 80 నుంచి 100కి పెంచితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అందుకే హైవే మీద తొందరపడేవాళ్లకి ఈ కారు నచ్చదు.

పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట చేరేటప్పటికి 80 శాతం ఉంది. అంతవరకూ లెక్క తప్పలేదు. బొడ్డవర దాటి కొండెక్కడం మొదలెట్టాకే మీటరు కుప్పకూలింది. మనుషులు, సామానుతో కారు 1,800 కిలోలు ఉంటుంది. దాన్ని వెయ్యి మీటర్ల ఎత్తుకి లేపడానికే 5 యూనిట్లు కావాలి, మోటారు నష్టాలు కలిపితే ఇంకాస్త ఎక్కువ. మీటరుకి ముందున్న రోడ్డు తెలీదు. వెనక్కి చూసి, గత కొద్ది దూరంలో ఎంత తాగిందో దాన్నే మిగతా దారికీ అంటగడుతుంది. ఘాట్ ఎక్కుతున్నంతసేపూ, దేశమంతా ఘాటే అనుకుంటుంది పాపం.

అరకులో దిగేటప్పటికి 47 శాతం. బస సంగతి చెప్పాలి. ఫోన్‌లో "చార్జింగ్ ఉందండీ" అన్నారు. తీరా చూస్తే గది బయట 15 ఆంపియర్ల ప్లగ్ ఒకటి. అదీ చాలు, గంటకి దాదాపు 3 యూనిట్లు ఎక్కుతుంది. మొదట ఎర్త్ సరిగ్గా లేక చార్జర్ ఎర్రలైటు వెలిగించి మొరాయించింది. కుర్రాడొచ్చి వేరే ప్లగ్ చూపించాడు. రాత్రి తొమ్మిదికి పెట్టాను. అర్ధరాత్రి దిగిన పక్క గదివాళ్లు గీజరు వేశారు, అంతే, ట్రిప్ అయింది. పొద్దున చూస్తే 66 దగ్గర ఆగిపోయి ఉంది. కుర్రాడు మంచివాడు, వైరింగ్ కాదు. గది బుక్ చేసేముందు "చార్జింగ్ ఉందా" అని కాదు, "ప్లగ్‌కి ఎర్త్ ఉందా, గీజరూ అదీ ఒకే లైన్ మీదా" అని అడగండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఇస్తానంటే వద్దనండి, గంటలో చేయి కాలేంత వేడెక్కుతుంది.

ఊళ్లో ఆటోలోనే తిరిగాం. గిరిజన మ్యూజియం మామగారికి నచ్చింది, రెండోసారి కూడా చూడొచ్చు. పద్మాపురం గార్డెన్స్ పిల్లలుంటేనే. బొంగులో చికెన్ మాత్రం రోడ్డు పక్క బండి దగ్గర, బొంగు మన కళ్లముందే చీల్చినప్పుడు తినాలి. రిసార్టులో ప్లేటులో పోసి తెచ్చినదానికి ఆ పొగవాసన లేదు. బొర్రా గుహలు ఇదివరకు చూసినవే కాబట్టి ఆగలేదు. చూడాలనుకునేవాళ్లు అటు దిగి మళ్లీ ఎక్కడానికి కొన్ని శాతాలు పక్కన పెట్టుకోవాలి.

తిరుగు ప్రయాణంలో గాలికొండ పైకి వచ్చేసరికి 56. అక్కణ్నుంచి బ్రేకు దాదాపు తాకలేదు. రీజెన్ అనే సెట్టింగ్ పెంచి పెడితే దిగుతున్న కారే మోటారుని తిప్పి బ్యాటరీలోకి కరెంటు తోస్తుంది. అనంతగిరి, డముకు, కాశీపట్నం... కిందికొచ్చేసరికి 58! రాత్రి నూరు శాతం ఎక్కి ఉంటే, నేరుగా దిగుడు రోడ్డయితే, ఈ లాభం రాదు. నిండిన బ్యాటరీ కరెంటు తీసుకోదు, బ్రేకులే అరుగుతాయి. కొండ మీద బస చేసేవాళ్లు 80-85 దగ్గర ఆపేయడం మేలు.

అయితే దిగుడు రోడ్డు చూసి మీటరు రెండోవైపు అబద్ధం మొదలెట్టింది. 58 శాతానికి 260 కిలోమీటర్లట! మామగారు ముందుకు వంగి, "అయితే ఇలాగే రాజమండ్రి పోయి రాత్రికి అక్కడే పడుకోవచ్చు" అన్నారు. నేనేమీ మాట్లాడలేదు. కొత్తవలస దగ్గరికొచ్చేటప్పటికి 260 కాస్తా 150 అయింది. ఆయన మళ్లీ సీటుకి జారబడ్డారు.

ఇంటికి 36 శాతంతో వచ్చాం. వెళ్లేటప్పుడు 53 శాతం తాగిన కారు వచ్చేటప్పుడు 30తో సరిపెట్టింది. అంటే అరకులో ఆ రాత్రి చార్జింగ్ అసలు పెట్టకపోయినా 17 శాతంతో ఇంటికి చేరేవాళ్లమే. ఈ మాట మామగారికి ఇంకా చెప్పలేదు.