రొయ్యల చెరువుల మీద ఆస్తుల ట్రాకింగ్: కొన్ని పంటల అనుభవం

యంత్రాలకు ట్యాగులు వేసి ఏది ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌లో చూపే ఆస్తుల ట్రాకింగ్ వ్యవస్థ పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుందా అని అడిగేవారికి నేను ముందుగా చెప్పేది దొంగతనాల గురించి కాదు, షెడ్డులో కదలకుండా పడి ఉన్న వస్తువుల జాబితా గురించి. భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ల మండలాల్లో చెదురుమదురుగా చెరువులున్న ఒక సంస్థలో స్టోరు, కొనుగోళ్లు చూసే బాధ్యత నాది. చెరువు నీటిని చిలికి ఆక్సిజన్ కలిపే ఏరియేటర్లకు, జనరేటర్లకు, పట్టుబడి (రొయ్యలు పట్టేటప్పటి) క్రేట్లకు ట్యాగులు వేయించి కొన్ని పంటలు గడిచాయి. వ్యవస్థ ఇచ్చే నివేదికల్లో చాలావాటిని ఇప్పుడు నేను తెరవనే తెరవను. ఆ ఒక్క జాబితాను మాత్రం ఏ ఇండెంటు (సరుకు కావాలన్న అర్జీ) వచ్చినా ముందు చూస్తాను.

మేము పెంచే వెనామీ రకం రొయ్య సుమారు మూడు నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది. పట్టిన తర్వాత చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, మళ్లీ నీరు పెట్టి సీడ్ (రొయ్య పిల్లలు) వదిలేవరకు అక్కడి ఏరియేటర్లకు పని ఉండదు. అన్ని చెరువులూ ఒకేసారి పట్టరు కాబట్టి, ఒక ఊళ్లో ఏరియేటర్లు చాలక ఇబ్బంది పడుతున్న రోజుల్లోనే మరో ఊళ్లో అవే యంత్రాలు ఊరికే ఉంటాయి. ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలియనిదల్లా ఆ రోజున ఏ షెడ్డులో ఎన్ని ఉన్నాయన్నది. రిజిస్టరులో ‘ఆకివీడు సైట్‌కు పంపడమైనది’ అని ఉంటుంది గాని, అక్కడి నుంచి ఎటు వెళ్లిందో ఉండదు. సూపర్‌వైజరు సైతం, ఉన్నాయంటే ఇచ్చేయవలసి వస్తుందని తన దగ్గరున్నవాటిని తగ్గించి చెబుతాడు. అతన్ని నేను తప్పుపట్టను. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలితే జవాబు చెప్పుకోవలసినది అతనే.

ఒక వేసవి పంటకు ముందు రెండు సైట్ల నుంచి కొత్త ఏరియేటర్లు కావాలని ఇండెంట్లు వచ్చాయి. కొటేషన్లు తెప్పించాము, యాజమాన్యం అనుమతి కూడా దొరికింది. ఆర్డరు పంపే ముందు ఆ జాబితా తెరిచి చూస్తే, అడిగినవాటిలో సగానికి పైగా యంత్రాలు మా సంస్థవే వేరే షెడ్డుల్లో ఉన్నట్టు కనిపించింది. అందులో ఒకటి, లీజు ముగింపుకు వచ్చినందున మేము సీడ్ వేయడం మానేసిన చెరువు తాలూకు షెడ్డు. అక్కడ ట్యాగులను చదివే చేతి రీడరుతో తనిఖీ చేసిన చివరి తేదీ తర్వాత ఆ ట్యాగులు మరెక్కడా నమోదు కాలేదు. నమ్మకం చాలక మనిషిని పంపించాను. ఖాళీ మేత సంచుల వెనక, రెక్కలు ఊడదీసి, వరుసగా పేర్చి ఉన్నాయని ఫోన్ చేశాడు. గేరుబాక్సు ఆయిల్ మార్పించి, కొన్నిటికి బేరింగులు వేయిస్తే పనికి వచ్చాయి. కొత్త ఆర్డరు అందుకు తగ్గట్టే తగ్గించాము. మరికొన్ని వారాలు గడిచి ఉంటే లీజుతో పాటు ఆ షెడ్డు కూడా చేయి దాటిపోయేది, లోపలి సరుకును అడిగేవారే ఉండేవారు కాదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. కొనుగోలు ఫైలులో ఆ జాబితా ప్రతి లేకుండా అనుమతి ఇవ్వరాదన్న నియమాన్ని అప్పుడే పెట్టించాను.

అయితే ప్రతి ఏరియేటరూ ఎక్కడుందో ఈ వ్యవస్థకు తెలుసు అంటే పూర్తిగా నిజం కాదు. మేము వాడేవి రేడియో తరంగాల ద్వారా తమ గుర్తింపు సంఖ్యను రీడరుకు తెలిపే, బ్యాటరీ లేని ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు. మన దేశంలో ఇవి 865–868 మెగాహెర్ట్జ్ పరిధిలో పనిచేస్తాయి. ఈ తరంగాలను నీరు పీల్చేసుకుంటుంది. మామూలు ట్యాగును నేరుగా ఇనుము మీద అంటిస్తే రీడరుకు దాదాపు కనిపించదు. అందుకే మోటారు మీద వద్దని, ప్లాస్టిక్ ఫ్లోటు మీద వేయించారు. చెరువులో తిరుగుతున్న ఏరియేటరు గట్టు మీది రీడరుకు అందదు కనుక, షెడ్డులోంచి తీసేటప్పుడు, తిరిగి పెట్టేటప్పుడు సూపర్‌వైజరు చేతి రీడరు చూపించి తీరాలి. అంటే ఆటోమేటిక్ అన్న మాటలో సగం పని మనిషిదే.

అంతకంటే పెద్ద చిక్కు మరమ్మతుల దగ్గర బయటపడింది. మోటారు కాలితే మెకానిక్ పక్క ఏరియేటరు మోటారు విప్పి దీనికి బిగిస్తాడు. పంట మధ్యలో అలా చేయక తప్పదు కూడా. ట్యాగు మాత్రం ఫ్లోటుతోనే ఉండిపోతుంది. దానివల్ల జాబితాలో ఒక ఏరియేటరు షెడ్డులో సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తుంది, వెళ్లి చూస్తే ఫ్లోటు, రెక్కలు తప్ప మోటారు ఉండదు. విలువంతా మోటారు, గేరుబాక్సుల్లోనే ఉన్నప్పుడు మనం జాడ తీస్తున్నది ప్లాస్టిక్‌ను అన్నమాట. లోహం మీద పనిచేసే ప్రత్యేక ట్యాగులు ఉన్నాయి, ధర ఎక్కువ. వాటిని మోటార్లకు విడిగా వేయించి, మెకానిక్ మార్చిన ప్రతిసారీ రెండు ట్యాగులనూ జతచేసే పద్ధతి పెట్టాక జాబితా మీద నమ్మకం తిరిగి వచ్చింది. సరఫరాదారు ఈ సంగతి ముందే చెప్పవలసింది.

జనరేటర్లకు పెట్టిన జీపీఎస్ బాగానే ఉంది, చెప్పడానికి ఎక్కువ లేదు. క్రేట్లకు ట్యాగులు దండగ. ఐసు, ఉప్పునీరు, విసిరివేతల మధ్య అవి నిలవవు. ఆడిటు దగ్గర మాత్రం ఊహించని మేలు జరిగింది. కంపెనీల ఆడిటర్ల నివేదికకు సంబంధించిన 2020 నాటి ఉత్తర్వు, అది వర్తించే కంపెనీల్లో స్థిరాస్తులు, యంత్రాల పరిమాణంతో పాటు అవి ఉన్న స్థలాన్నీ చూపే రికార్డులు ఉన్నాయా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఇప్పుడు మేము కాగితాలు వెతకకుండా జవాబిస్తున్నాము.

మా చెరువులు నాలుగు మండలాల్లో ఉన్నాయి, పట్టుబడులు వేర్వేరు నెలల్లో వస్తాయి, యంత్రాలు తరచూ చేతులు మారతాయి. ఈ వ్యవస్థ మాకు కలిసిరావడానికి కారణం అదే. ఒకే గట్టు చుట్టూ చెరువులుండి, రోజూ అక్కడే తిరిగే రైతుకు దీన్ని నేను సిఫార్సు చేయలేను. ఏటా కట్టే సాఫ్ట్‌వేర్ రుసుము ఆయనకు బరువే. మేము మాత్రం ఈసారి ఒప్పందాన్ని క్రేట్లను తీసివేసి, మోటార్లకు, గేరుబాక్సులకు, జనరేటర్లకు మాత్రమే పొడిగించుకుంటున్నాము.