నార్వే జలవిద్యుత్ ఊళ్లు: ర్యూకాన్, నోటొడ్డెన్, ఒడ్డా... ఏది మేలు?

నార్వే అనగానే అందరికీ ఫ్యోర్డులు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపాయలు), రాత్రి ఆకాశంలో మెరిసే ఉత్తర కాంతులే గుర్తొస్తాయి. ఆ దేశం పరిశ్రమల దారి పట్టింది ఎక్కడో చూడాలనుకునేవాళ్ల ముందు మూడు ఊళ్లుంటాయి. టెలిమార్క్ ప్రాంతంలో నోటొడ్డెన్, ర్యూకాన్. హార్డంగర్ పీఠభూమికి అవతల, పడమటి వైపు ఒడ్డా. మూడూ జలపాతాల కరెంటు మీద ఎదిగినవే. సెలవు తక్కువగా ఉంటే మూడూ చుట్టిరావడం కుదరదు. నన్నడిగితే ర్యూకాన్‌కే వెళ్లమంటాను, అది కూడా చలికాలం చివర్లో.

ముందు నోటొడ్డెన్ సంగతి, ఎందుకంటే కథ మొదలైంది అక్కడే. ఉత్తర కాంతుల మీద పరిశోధనలు చేసిన భౌతిక శాస్త్రవేత్త క్రిస్టియాన్ బిర్కెలాండ్, ఇంజనీరు సామ్ ఐడే కలిసి గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే కొలిమిని తయారుచేశారు. కరెంటు ఆర్క్‌ను, అంటే రెండు లోహపు కొనల మధ్య మండే మెరుపును, అయస్కాంతంతో గుండ్రంగా పరిచి, సుమారు 3000 డిగ్రీల వేడిలోంచి గాలిని పంపిస్తే నత్రజని, ఆక్సిజన్ కలుస్తాయి. దాన్నుంచి నత్రికామ్లం, దానికి సున్నపురాయి చేరిస్తే కాల్షియం నైట్రేట్. ముడిసరుకు గాలి, నీళ్లు, రాయి. అసలు ఖర్చు కరెంటుదే. అంత కరెంటును దూరం తీసుకెళ్లడం ఆ రోజుల్లో కష్టం కాబట్టి ఫ్యాక్టరీలే జలపాతాలను వెతుక్కుంటూ వెళ్లాయి. ఈ ఎరువు తయారీకే 1905లో నోర్స్క్ హైడ్రో కంపెనీ పుట్టింది, 1907లో స్వెల్గ్‌ఫోస్ విద్యుత్ కేంద్రం నడవడం మొదలైంది.

ఇంత చరిత్ర ఉన్నా, చూడ్డానికి నోటొడ్డెన్‌కు సగం రోజు చాలు. సరస్సు ఒడ్డున పాత కొలిమి భవనాలు ఇంకా నిలబడి ఉన్నాయి. కథ తెలిసి వెళ్తే వాటిని వదిలి రాబుద్ధి కాదు, తెలియకపోతే అవి మామూలు పాత ఫ్యాక్టరీ భవనాల్లాగే ఉంటాయి. పక్కనే హెడ్డాల్‌లో 13వ శతాబ్దపు చెక్క చర్చి ఉంది, నార్వేలో మిగిలిన ఆ రకం చర్చిల్లో ఇదే పెద్దది. 1988 నుంచి ఊళ్లో బ్లూస్ సంగీతోత్సవం జరుగుతోంది. ఓస్లో నుంచి సుమారు 110 కిలోమీటర్లే కాబట్టి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలనుకునేవాళ్లకు ఇదే సరైనది.

ఒడ్డా తీరు వేరు. అందం విషయంలో మిగతా రెండూ దాని ముందు నిలవవని ఒప్పుకోవాలి. పక్కనున్న త్యుస్సెదాల్ విద్యుత్ కేంద్రం 1906–1918 మధ్య దశలవారీగా కట్టినది. తోర్వాల్డ్ ఆస్ట్రుప్ గీసిన ఆ పొడవాటి భవనం ఫ్యోర్డు నీళ్ల పక్కన, నిటారు కొండ కింద ఉంటుంది. వెనక కొండ మీద పాత నీటి గొట్టాలు అలాగే ఉన్నాయి. 1989 దాకా నడిచింది, ఇప్పుడు మ్యూజియం. ట్రోల్టుంగా బండ మీద ఫోటోలు దిగడానికి జనం వస్తారే, ఆ బండ కింద కనిపించే సరస్సు ఈ కేంద్రం కోసం ఆనకట్ట కట్టి పెంచిందే. కొండలెక్కే ఓపిక ఉంటే ఒడ్డానే ఎంచుకోవచ్చు. లోటల్లా ఊళ్లోనే ఉంది. అక్కడి కార్బైడ్ కర్మాగారం 2003లో దివాలా తీసింది, తర్వాత కొంత భాగం కూల్చేశారు. యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు కోసం మొదట ఒడ్డా, త్యుస్సెదాల్ పేర్లు కూడా రాసుకున్నా, 2015లో గుర్తింపు దక్కింది ర్యూకాన్–నోటొడ్డెన్‌లకు మాత్రమే. కరెంటు కేంద్రం బాగా మిగిలింది గానీ, ఆ కరెంటు వాడుకున్న ఫ్యాక్టరీ అంతగా మిగల్లేదు.

ర్యూకాన్‌లో ఆ లోటు లేదు. జలపాతం, కరెంటు కేంద్రం, ఫ్యాక్టరీ స్థలం, కార్మికుల ఇళ్లు, నోర్స్క్ హైడ్రో పెద్దలు అతిథులను దింపిన 'అడ్మిని' భవనం, సరుకు మోసిన రైలు మార్గం, అన్నీ ఒకే ఇరుకు లోయలో వరుసగా ఉంటాయి. కొద్దిపాటి రైతు కుటుంబాలున్న చోట కొన్నేళ్లలోనే ఊరు వెలిసింది. 104 మీటర్ల ర్యూకాన్ జలపాతం నీళ్లను గొట్టాల్లోకి మళ్లించి నడిపిన వేమోర్క్ కేంద్రం, 1911లో ప్రపంచంలోకెల్లా పెద్ద విద్యుత్ కేంద్రం.

వేమోర్క్‌కు కనీసం సగం రోజు కేటాయించండి. లోతైన లోయ మీద వేలాడే వంతెన దాటి, ఎత్తు ఎక్కి నడవాలి. లోపల 10 జనరేటర్లూ ఆ పొడవాటి హాల్లో వరుసగా ఉన్నాయి, పక్కన నిలబడితే మనిషి ఎంత చిన్నవాడో తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు కన్నేసిన భారజలం (అణు పరిశోధనకు పనికొచ్చే బరువైన నీరు) తయారైంది ఇక్కడే. 1943 ఫిబ్రవరి 27 రాత్రి యోకిమ్ రొన్నెబర్గ్ నాయకత్వంలో నార్వే దళం వచ్చింది. వంతెన మీద కాపలా ఉంది కాబట్టి వాళ్లు లోయలోకి దిగి, గడ్డకట్టిన నదిని దాటి, అవతలి గట్టెక్కి రైలు పట్టాల వెంట లోపలికి దూరారు. భారజలం పరికరాలను పేల్చేసి ఒక్క తూటా కాల్చకుండా తప్పించుకున్నారు. ఆ పరికరాలున్న నేలమాళిగను ఈ మధ్యే తవ్వి తీసి, చూడ్డానికి తెరిచారు. వంతెన మీద ఆగి కిందికి చూడండి. మంచు పట్టిన ఆ గోడను చీకట్లో, వీపున పేలుడు పదార్థాలతో ఎక్కారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఇక ఏ కాలంలో వెళ్లాలి? ఎండాకాలంలో సౌకర్యం ఎక్కువ, గౌస్టాటోపెన్ శిఖరం (1883 మీటర్లు) నడిచి ఎక్కొచ్చు. అయినా నేను ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లోనే వెళ్లమంటాను. సెప్టెంబరు చివరి నుంచి మార్చి సగం దాకా దక్షిణాన ఉన్న కొండలు అడ్డొచ్చి ఈ ఊళ్లో ఎండ పడదు. కరెంటు కోసం మనుషుల్ని ఇలాంటి చోటికి తెచ్చి కాపురం పెట్టించారన్న సంగతి జులైలో వెళ్తే అసలు తట్టదు. కార్మికులకు కాస్త ఎండ దక్కాలని కంపెనీ 1928లో క్రోస్సోబానెన్ అనే కేబుల్ కారు కట్టించింది, అది ఇప్పటికీ నడుస్తోంది. 2013లో కొండ మీద మూడు పెద్ద అద్దాలు పెట్టారు. కంప్యూటర్ సాయంతో సూర్యుడి వైపు తిరుగుతూ అవి ఊరి నడిబొడ్డున సుమారు 600 చదరపు మీటర్ల మేర వెలుగు పరుస్తాయి. మబ్బు లేని రోజు అక్కడి బెంచీల మీద జనం కళ్లు మూసుకుని, ముఖాలు పైకెత్తి కూర్చుంటారు. ఈ ప్రయాణంలో నన్ను అన్నిటికన్నా కదిలించింది అదే.

కేబుల్ కారా, గౌస్టాటోపెన్ కొండ లోపలి నుంచి పైకెళ్లే రైలా అంటే కేబుల్ కారే మేలు. 1950లలో సైన్యం తొలిచిన ఆ సొరంగ రైలు గొప్పదే, తేటగా ఉన్న రోజు పైనుంచి దేశంలో ఆరో వంతు కనిపిస్తుందంటారు. మబ్బు పడితే మాత్రం అంత దూరం వెళ్లీ ఏమీ కనిపించదు. ఊరి కథతో ముడిపడింది కూడా కేబుల్ కారే.

చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు, మంచు రోడ్ల మీద డ్రైవింగ్ అంటే టెన్షన్ పడేవాళ్లు మే తర్వాతే పెట్టుకోండి. చలికాలంలో వేమోర్క్ మ్యూజియం తక్కువ రోజులు తెరుస్తారు, ముందే చూసుకోవాలి. ఓస్లో నుంచి ర్యూకాన్ సుమారు 180 కిలోమీటర్లు, నోటొడ్డెన్ మీదుగా వెళ్తే అక్కడి కొలిమి భవనాలు కూడా దారిలోనే చూసేయొచ్చు. తర్వాత టిన్ సరస్సు చివర మేల్ అనే చోట ఒకసారి ఆగండి. ఎరువు నింపిన రైలు పెట్టెల్ని సరస్సు దాటించిన 'అమోనియా' ఆవిరి ఓడ అక్కడే ఉంది. దాని జోడీ 'హైడ్రో'ను భారజలం జర్మనీ చేరకుండా 1944 ఫిబ్రవరి 20న ముంచేశారు, 18 మంది చనిపోయారు. రాత్రికి ర్యూకాన్‌లోనే బస పెట్టుకుంటే మర్నాడు పొద్దున్నే వేమోర్క్‌కు, మధ్యాహ్నానికి అద్దాల కిందికి చేరుకోవచ్చు.