హెపటైటిస్ ఎ: ముందు పరీక్ష, తర్వాత టీకా, మా ఇంట్లో ఎవరికి ఏది పనికొచ్చింది

రేటింగ్ ముందే ఇచ్చేస్తున్నా, తీరిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. చిన్నపిల్లలకి హెపటైటిస్ ఎ టీకా: 5కి 5. పెద్దవాళ్ళు టీకాకి ముందు చేయించుకునే యాంటీబాడీ (వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే రక్షక పదార్థం) పరీక్ష: 5కి 4. మేం ఆ పరీక్ష చేయించుకున్న ల్యాబ్: 5కి 2, ఆ రెండూ ఇంటికొచ్చి నొప్పి తెలియకుండా రక్తం తీసిన అబ్బాయికే.

మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు కుర్రాళ్ళకి కామెర్లు వచ్చాయి, కాలేయాన్ని వాచేలా చేసే హెపటైటిస్ ఎ వైరస్ వల్ల. ఇద్దరూ పాతికేళ్ళ లోపువాళ్ళే, జిమ్‌కి వెళ్ళే ఆరోగ్యవంతులు, ఇంట్లో ఫిల్టర్ నీళ్ళు తప్ప తాగనివాళ్ళు. వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకటే ప్రశ్న, అంత శుభ్రంగా ఉండేవాళ్ళకి ఎలా వచ్చిందని. శుభ్రంగా పెరిగారు కాబట్టే ఈ వయసులో వచ్చింది. ఈ వైరస్ మురుగు కలిసిన నీళ్ళ ద్వారా, తిండి ద్వారా వస్తుంది. ఆరేళ్ళ లోపు సోకితే ఎక్కువమంది పిల్లల్లో అసలు బయటపడదు, కాస్త జ్వరం వచ్చి పోతుంది, రక్షణ మాత్రం జన్మంతా ఉంటుంది. అదే పెద్దయ్యాక మొదటిసారి సోకితే చాలామందికి కళ్ళు పచ్చబడతాయి, వాంతులు, వారాల తరబడి మంచం. కొద్దిమందికి కాలేయం పూర్తిగా దెబ్బతిని ప్రాణం మీదికి కూడా వస్తుంది.

అందుకే మా ఇంట్లో పెద్దవాళ్ళందరికీ పరీక్ష చేయిద్దామనుకున్నాం, అక్కడే ల్యాబ్‌తో తలనొప్పి మొదలైంది. యాప్‌లో ఉన్న ‘హెపటైటిస్ ఎ టెస్ట్’ బుక్ చేస్తే వాళ్ళు చేసింది ఐజీఎం. అది ఇప్పుడు జబ్బు ఉందా లేదా అని చూసే పరీక్ష. మనకి కావాల్సింది ఎప్పుడో సోకి రక్షణ వచ్చిందా అని చెప్పే ఐజీజీ, లేదా టోటల్ యాంటీబాడీ. రిపోర్టులో అందరికీ ‘నెగటివ్’ అని చూసి మా తమ్ముడు ‘అక్కా, అయితే అందరం టీకా వేయించుకోవాలి’ అన్నాడు, పరీక్ష పేరు చూసి నేనే ఆపాను. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రెండూ ఒకటే మేడం అన్నారు. ఒకటి కాదు బాబూ. మళ్ళీ డబ్బు కట్టి మళ్ళీ రక్తం ఇచ్చాం.

రెండోసారి వచ్చిన ఫలితం మాత్రం కట్టిన డబ్బుకి న్యాయం చేసింది. పల్లెటూళ్ళో చెరువు నీళ్ళు తాగి పెరిగిన నాన్నకి పాజిటివ్, అంటే రక్షణ ఉంది. ఆయనకి కామెర్లు వచ్చిన గుర్తే లేదు. చిన్న టౌన్‌లో కుళాయి నీళ్ళతో పెరిగిన నాకూ పాజిటివ్. మేం హైదరాబాద్ వచ్చేశాక పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచి ఫిల్టర్ నీళ్ళే తాగిన తమ్ముడికి నెగటివ్. నాన్న అయితే ‘చూశావామ్మా, మా చెరువే మాకు టీకా’ అని మురిసిపోయారు. ఆ చెరువు నీళ్ళతోనే టైఫాయిడ్, విరేచనాలు వచ్చి ఎంతమంది పిల్లలు పోయారో కూడా చెప్పండి నాన్నా అంటే మాట మార్చేశారు.

ఇది మా ఇంటి గొడవే కాదు. 2024లో కేరళలో ఎర్నాకుళం జిల్లా వేంగూరులో, అటు మలప్పురంలో ఈ కామెర్లు జోరుగా పాకాయి. మరుగుదొడ్లు, చదువు, ఆస్పత్రులు అన్నీ బాగున్న రాష్ట్రం అది. చిన్నప్పుడు సోకనివాళ్ళు లక్షల్లో తయారయ్యాక నీళ్ళలో ఎక్కడో ఒక్క చోట మురుగు కలిస్తే చాలు. 1988లో షాంఘైలో సరిగా ఉడకని ఆల్చిప్పలు తిని దాదాపు 3 లక్షల మంది ఈ జబ్బున పడ్డారు, అందులోనూ యువకులే ఎక్కువ. ఇప్పుడు మన నగరాల పరిస్థితీ అదే దారిలో ఉంది. ఇంట్లో ఆర్వో, బయట పానీపూరి, రోడ్డు కింద నీళ్ళ పైపూ డ్రైనేజీ పైపూ పక్కపక్కనే.

టీకా సంగతికొస్తే, మన దగ్గర రెండు రకాలు దొరుకుతాయి. చంపిన వైరస్‌తో చేసేది రెండు డోసులు, మధ్యలో కనీసం 6 నెలలు. బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసేది ఒక్క డోసు, కానీ గర్భిణులకి, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్ళకి పనికిరాదు. మొదటి రకంలో హావ్రిక్స్ చాలాకాలంగా ఉన్న బ్రాండ్. హైదరాబాద్‌కి చెందిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ 2024 జనవరిలో హావిష్యూర్ విడుదల చేసింది, మన దేశంలోనే అభివృద్ధి చేసిన మొదటి హెపటైటిస్ ఎ టీకా అది. ఏడాది నిండిన మా పాపకి పరీక్ష గిరీక్ష ఏమీ లేకుండా నేరుగా రెండు డోసుల రకం మొదలుపెట్టించాం. ఒక పూట చిరాకు పడింది, అంతే. పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ షెడ్యూల్‌లో ఈ టీకా ఉంది కానీ ప్రభుత్వం ఉచితంగా వేసే జాబితాలో లేదు, అక్కడ ఉండేది హెపటైటిస్ బి. ‘మా బాబుకి హెపటైటిస్ వేయించేశాం’ అనేవాళ్ళు ఒకసారి కార్డు తీసి ఏ అక్షరం ఉందో చూసుకోండి.

నా అసలు ఫిర్యాదు ధర మీద. ఇద్దరు పిల్లలుంటే మధ్యతరగతి వాళ్ళకే బరువు, కూలి చేసుకునేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. అర్జెంటీనాలో 2005 నుంచి ఏడాది పిల్లలందరికీ ప్రభుత్వమే ఒక్క డోసు వేస్తోంది. అంతకుముందు ఈ జబ్బుతో కాలేయం మార్చాల్సి వచ్చిన పిల్లలు అక్కడ ఉండేవాళ్ళు, ఆ తర్వాత అలాంటి కేసులు దాదాపు లేకుండా పోయాయి. మన దగ్గర ఇంకా పసరు మందు కోసం తెల్లారుజామున క్యూలు కడుతున్నారు. ఇది చాలామందికి దానంతటదే తగ్గే జబ్బు కాబట్టి పేరు పసరుకి వస్తోంది, ఆ పసరులో ఏముందో తెలియక అసలే వాచి ఉన్న కాలేయానికి ఇంకో దెబ్బ.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. అక్కడ 2006లోనే ఏడాది దాటిన పిల్లలందరికీ ఈ టీకా సిఫార్సు చేశారు, ఇండియా ప్రయాణం ఉంటే 6 నెలలు నిండిన పసివాళ్ళకి కూడా ముందే ఒక డోసు వేస్తారు. అమ్మమ్మ ఇంటికే కదా అని వదిలేయకండి.

బుక్ చేసేవాళ్ళు ల్యాబ్‌కి ‘ఐజీజీ లేదా టోటల్’ అని రాతపూర్వకంగా చెప్పండి. పెద్దవాళ్ళకి ఈ పరీక్ష టీకా కంటే చవకగా వస్తేనే చేయించండి, లేకపోతే నేరుగా టీకా వేయించుకున్నా నష్టం లేదు, రక్షణ ఉన్నవాళ్ళకి వేసినా హాని చేయదు. ఇంట్లో ఎవరికైనా వస్తే మిగతావాళ్ళు 2 వారాల లోపు వేయించుకున్నా పనిచేస్తుంది. మా తమ్ముడు మొదటి డోసు వేయించుకున్నాడు, రెండోదానికి క్లినిక్ వాళ్ళు గుర్తుచేస్తామన్నారు గానీ నేనైతే ఫోన్‌లో రిమైండర్ పెట్టేశాను.