లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్టు: రెండుసార్లు వెళ్లాను

విజయవాడ లెనిన్ సెంటర్‌లో ఒక పాత పుస్తకాల కొట్లో ‘నేరం-శిక్ష’ 120 రూపాయలకు కొన్నాను. అట్ట ఊడింది, బేరమాడితే తగ్గరు. 500 ఇస్తే హడావుడిలో 480 తిరిగిచ్చారు. కిక్కురుమనకుండా వచ్చేశాను.

దోస్తోయెవ్‌స్కీ రాసిన 1866 నాటి రష్యన్ నవల. కథానాయకుడు రస్కోల్నికొవ్ తాకట్టు వ్యాపారం చేసే ముసలమ్మను గొడ్డలితో చంపుతాడు, అప్పుడే వచ్చిన ఆమె చెల్లెలు లిజవేతానూ. పోలీసులకంటే ముందు జ్వరమే పట్టుకుంటుంది. దోచిన సొమ్ము రాయి కింద దాచి, ఒక్క రూబుల్ కూడా వాడుకోడు. అక్కడే నాకు చురుక్కుమంది. నేను ఆ వందతో పునుగులు తిన్నాను మరి! నాలుగు రోడ్ల కూడలిలో నేలను ముద్దుపెట్టుకుని, చేసింది అందరికీ చెప్పమంటుంది అతన్ని ప్రేమించే సోన్యా. బెంజ్ సర్కిల్‌లో అంత సాహసం నావల్ల కాదు. ఆదివారం వెళ్లి వంద ఇచ్చేశాను.

“ఏ వంద బాబూ?” అన్నారాయన.